క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్లు: కొన్నవారి మాటలను ఎలా చదవాలి?

ఈ నెల శ్రవణం శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో అధిక భాగం ఖరీదైన క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ల గురించే, అంటే చెవి కప్పుల వెనక భాగం మూసి ఉండే రకం గురించే ఉన్నాయి. ఒకే ప్రశ్నను పలువురు అడిగిన చోట వాటిని కలిపి జవాబిస్తున్నాము.

ప్రశ్న: నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. మాది రెండు పడక గదుల ఇల్లు. హాల్లో అమ్మగారి సీరియల్, పక్క గదిలో పిల్లల ఆన్‌లైన్ ట్యూషన్ నడుస్తూ ఉంటాయి. రోజుకు నాలుగైదు గంటలు కర్ణాటక కచేరీలు, పాత సినిమా పాటలు వింటాను. ఫోకల్ స్టెలియా, డెనాన్ ఏహెచ్-డి9200, సోనీ ఎండీఆర్-జెడ్1ఆర్ నా దృష్టిలో ఉన్నాయి. వీటిని కొన్నవారి అభిప్రాయాలు చదివితే, ఒకే హెడ్‌ఫోన్‌ను ఒకరు ఆకాశానికి ఎత్తుతున్నారు, మరొకరు మూడు నెలలకే అమ్మేశామంటున్నారు. ఎవరిని నమ్మాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. అది ఎలాగో తెలియాలంటే ముందు కప్పు లోపల జరిగేది కొంత తెలుసుకోవాలి.

విద్యుత్తును ధ్వనిగా మార్చే భాగాన్ని డ్రైవర్ అంటారు. అందులోని పలుచని పొర కదిలినప్పుడు చెవి వైపు ఎంత ధ్వని పుడుతుందో, వెనక వైపు కూడా అంతే ధ్వని పుడుతుంది. ఓపెన్ బ్యాక్ రకంలో, అంటే 1968లో సెన్‌హైజర్ సంస్థ హెచ్‌డీ 414తో మార్కెట్లోకి తెచ్చిన రకంలో, ఆ వెనక ధ్వని జాలీలోంచి బయటికి పోతుంది. క్లోజ్డ్ బ్యాక్‌లో దానికి పోయే దారి లేదు కనుక అది కప్పు గోడకు తగిలి, తిరిగి వచ్చి, పలుచని పొరలోంచి మన చెవికే చేరుతుంది. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, ఎదురెదురు గోడల మధ్య అయిదు సెంటీమీటర్ల దూరం ఉంటే సుమారు 3,400 హెర్ట్జ్ దగ్గర లోపలి గాలి తనంతట తాను మోగుతుంది. మనిషి చెవి అతి సున్నితంగా పట్టేది కూడా సరిగ్గా ఆ ప్రాంతాన్నే. ఖాళీ బిందెలో మూతి పెట్టి మాట్లాడితే గొంతుకు వచ్చే బోలు ధ్వని మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలిసినదే; చవక రకం క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌లో గాయని స్వరానికి పట్టే జబ్బు అదే.

మీరు పెట్టే డబ్బులో పెద్ద వాటా ఈ వెనక ధ్వనిని లొంగదీయడానికే పోతుంది. డెనాన్ తన డి9200 కప్పులను జపాను వెదురుతో చేసింది. సోనీ 2016 నాటి జెడ్1ఆర్‌లో కాగితపు గుజ్జుతో చేసిన పొరను వాడి, ధ్వని నెమ్మదిగా వడగట్టుకుపోయేలా చేసింది. సెన్‌హైజర్ 2018లో తెచ్చిన హెచ్‌డీ 820లో డ్రైవర్ వెనక లోపలికి వంపు తిరిగిన గాజు పలక ఉంటుంది. అది ధ్వనిని పక్కలకు మళ్లించి, అక్కడున్న మెత్తని పదార్థంలో కలిసిపోయేలా చేస్తుంది. ఒక్కో సంస్థది ఒక్కో ఉపాయం, ఏదీ సంపూర్ణం కాదు. అందుకే ఒకే ధరలో ఉన్న రెండు ఓపెన్ బ్యాక్‌ల మధ్య కనిపించే తేడా కంటే రెండు క్లోజ్డ్ బ్యాక్‌ల మధ్య తేడా ఎక్కువగా ఉంటుంది.

ఇక మీరడిగిన మూడు. డి9200 నా దగ్గర నాలుగేళ్లుగా ఉంది కనుక దాని గురించి కాస్త ధైర్యంగా చెప్పగలను. బరువు 375 గ్రాములు. తల మీద పెట్టుకున్న అరగంటకు దాన్ని మరచిపోతాను. మృదంగం ఎడమవైపు తొప్పిని ఇది చూపే తీరు నాకు చాలా ఇష్టం: రవ్వముద్ద అంటించిన ఆ మూతలోంచి వచ్చే మంద్రధ్వని గుండ్రంగా మొదలై, వయొలిన్ మీదికి పొంగకుండా అక్కడికక్కడే ఆగుతుంది. అయితే పై స్వరాలలో కొంచెం చురుకుదనం ఎక్కువ. పాత సినిమా పాటల రికార్డింగులలో స, ష, చ అక్షరాలు అసలే గరుకుగా ఉంటాయి. అవి రెండో గంటకల్లా నన్ను అలసటకు గురిచేస్తాయని మొదటి వారంలో నాకు తెలియలేదు. రెండో నెలలో తెలిసింది. ఇప్పుడు పాత పాటలకు ఈక్వలైజర్‌లో, అంటే పై, కింది స్వరాలను విడివిడిగా హెచ్చించి తగ్గించే సాధనంలో, పై భాగాన్ని రెండు మూడు డెసిబెల్‌లు తగ్గించి వింటున్నాను, అందుకు నాకేమీ సిగ్గు లేదు.

స్టెలియా 2019లో దాదాపు మూడు వేల డాలర్ల ధరతో వచ్చింది. బెరీలియం లోహపు పొర ఉన్న డ్రైవర్, తోలు తొడుగు, 435 గ్రాముల బరువు. ఒక మిత్రుడి వద్ద తెచ్చుకుని నెల రోజులు విన్నాను. తంబుర నాలుగు తీగల ప్రకంపనను ఇంత విడివిడిగా మరే క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌లోనూ నేను వినలేదు. గాయకుడు ఊపిరి తీసుకోవడం, ఘటం మీద వేళ్లు మారడం అన్నీ దగ్గరగా, కళ్లకు కట్టినట్టు ఉంటాయి. అదే దగ్గరితనం పని చేస్తూ వినేవారికి ఇబ్బంది కూడా అవుతుంది, ఎందుకంటే సంగీతం పక్కన ఉండి పని చేసుకోనివ్వదు. తన వైపే చూడమంటుంది. మే నెలలో ఆ తోలు ఇయర్‌ప్యాడ్లతో గంటన్నర దాటితే చెవుల చుట్టూ చెమట పడుతుందని కూడా చెప్పాలి.

జెడ్1ఆర్ తల మీద మూడింటిలోకీ హాయిగా ఉంటుంది. 70 మిల్లీమీటర్ల పెద్ద డ్రైవర్, వెడల్పాటి గొర్రె తోలు ప్యాడ్లు, 385 గ్రాములు. క్లోజ్డ్ అయినా గదిలో విన్నంత విశాలంగా వినిపిస్తుంది. కింది స్వరాలు పుష్కలంగా ఉంటాయి. సినిమా పాటలకు అది పండుగ, కచేరీలో మాత్రం మృదంగం కొంచెం ముందుకు జరిగి కూర్చుంటుంది. మీ ఇంటి పరిస్థితిలో అసలు లోపం మరొకటి: బయటి చప్పుడును ఇది అంతగా ఆపదు. వెనక ధ్వని వడగట్టుకుపోయే దారి కొంత వదిలారు కనుక, ఆ దారిన హాల్లోని సీరియల్ కూడా లోపలికి వస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాము. అభిప్రాయం చదివేటప్పుడు నేను చూసేది ఆ మనిషి వాడిన విశేషణాలను కాదు. కొని ఎన్నాళ్లయింది, రోజుకు ఎన్ని గంటలు వింటున్నాడు, కళ్లద్దాలు ఉన్నాయా, ఏ గదిలో వింటున్నాడు, అంతకుముందు ఏది వాడేవాడు అన్నవి చెప్పాడా లేదా అని చూస్తాను. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత ఈ వస్తువుల విషయంలో రెండు వైపులా పదునున్న కత్తి. మొదటి వారం రాసినవాడు వింతను రాస్తాడు, అమ్మకానికి పెట్టేవాడు రోతను రాస్తాడు, ఆరు నెలలు వాడి మాట్లాడకుండా వింటున్నవాడు ఏమీ రాయడు. ఓపెన్ బ్యాక్ నుంచి వచ్చినవారికి ఏ క్లోజ్డ్ హెడ్‌ఫోన్ అయినా ఇరుకుగానే తోస్తుంది. బ్లూటూత్ హెడ్‌సెట్ నుంచి వచ్చినవారికి అదే హెడ్‌ఫోన్ మైదానంలా ఉంటుంది. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నవారి మాటే మీకు పనికొస్తుంది. మీరు రాసిన వివరాలను బట్టి నా ఓటు డి9200కే, అయితే ఒకసారి తల మీద పెట్టుకుని రెండు గంటలు విన్న తరువాతే డబ్బు చెల్లించండి.

ప్రశ్న: ఎంతో పొదుపు చేసి సెన్‌హైజర్ హెచ్‌డీ 820 కొనుక్కున్నాను. అందరూ పొగిడిన బేస్ నాకు మాత్రం పలుచగా, బోలుగా వినిపిస్తోంది. నాకు కళ్లద్దాలు ఉన్నాయి, చెవులకు రాళ్ల దిద్దులు పెట్టుకుంటాను. నాది లోపమున్న వస్తువా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, వస్తువులో లోపం ఉండకపోవచ్చు. క్లోజ్డ్ హెడ్‌ఫోన్‌లో కింది స్వరాలు బతికేది ప్యాడ్‌కూ చర్మానికీ మధ్య సందు లేకపోతేనే. కళ్లద్దాల కాడ ప్యాడ్‌ను ఎత్తిన చోట చిన్న సొరంగం ఏర్పడి, బేస్ అక్కడి నుంచి జారిపోతుంది. ఓపెన్ రకాలలో చాలావాటికి ఈ సందు వల్ల ఇంత నష్టం జరగదు. హెచ్‌డీ 820 మాత్రం ఈ విషయంలో బాగా సున్నితమైనదని, దాన్ని వాడే కళ్లద్దాలవారు తరచుగా చెప్పే మాట. నా అనుభవమూ అదే.

ఇంట్లోనే పరీక్షించవచ్చు. డోలు గానీ బేస్ గిటార్ గానీ ఉన్న పాట పెట్టి, కళ్లద్దాలు తీసి వినండి. తరువాత పెట్టుకుని వినండి. మూడోసారి కళ్లద్దాలు అలాగే ఉంచుకుని రెండు అరచేతులతో కప్పులను మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు బేస్ లేచి నిలబడితే మీ అనుమానం తీరినట్టే. సన్నని లోహపు కాడలున్న ఫ్రేముకు మారడం, ఆ కాడను ప్యాడ్ కింద కాకుండా కొంచెం పైగా వెళ్లేలా సర్దుకోవడం ఎంతో ఉపకరిస్తాయి. దిద్దులు సాధారణంగా ప్యాడ్ లోపలే ఉంటాయి కనుక సందు ఏర్పడదు, కాని గంట గడిచేసరికి నొప్పి పుట్టిస్తాయి. జడ గట్టిగా వేసుకుని, చెవి ముందర పడే కురులను వెనక్కి తీసుకోండి. ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే అప్పుడు దుకాణదారుని అడుగుదురు గాని.

ప్రశ్న: స్టెలియాకు వేల డాలర్ల యాంప్లిఫయర్ లేకపోతే కొనడమే దండుగ అని ఇక్కడి మిత్రులు అంటున్నారు. నాకు ఫోన్‌కు తగిలించి హెడ్‌ఫోన్ కలుపుకునే చిన్న డాంగిల్ ఉంది. అది చాలదా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: లెక్క వేసి చూద్దాము. స్టెలియా నిరోధం 35 ఓమ్‌లు. ఒక మిల్లీవాట్ ఇస్తే 106 డెసిబెల్‌ల ధ్వని ఇస్తుంది. ఒక వోల్ట్ ఇవ్వగల డాంగిల్ 35 ఓమ్‌లలోకి దాదాపు 28 మిల్లీవాట్లు పంపగలదు, అంటే 120 డెసిబెల్‌లు. అంత ధ్వనిని మీరు భరించలేరు, భరించకూడదు. కాబట్టి శబ్ద పరిమాణానికి పెద్ద యాంప్లిఫయర్ అక్కర లేదు. చూడవలసింది యాంప్లిఫయర్ సొంత నిరోధం, దీన్నే అవుట్‌పుట్ ఇంపిడెన్స్ అంటారు. అది హెడ్‌ఫోన్ నిరోధంలో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది ఈ రంగంలోని పాత వాడుక. ఇక్కడ సుమారు నాలుగు ఓమ్‌లు. మంచి డాంగిళ్లు ఆ హద్దుకు చాలా లోపలే ఉంటాయి. పాతకాలపు స్టీరియో రిసీవర్ ముందు భాగంలోని హెడ్‌ఫోన్ రంధ్రాలలో కొన్ని వంద ఓమ్‌లు దాటుతాయి, వాటితో స్టెలియా బేస్ లావుగా, వదులుగా మారుతుంది.

300 ఓమ్‌ల హెచ్‌డీ 820 సంగతి వేరు. అది ఒక వోల్ట్‌కు 103 డెసిబెల్‌లు ఇస్తుంది. మామూలుగా వినడానికి అదీ చాలు, కాని నెమ్మదిగా రికార్డు చేసిన కచేరీకి డాంగిల్ వాల్యూమ్ చివరిదాకా తిప్పవలసి రావచ్చు. మీ మిత్రులు ఆ అనుభవంతో అన్నారేమో.

ప్రశ్న: మాది విశాఖ. సముద్రపు గాలికి, చెమటకు రెండేళ్లలో ఇయర్‌ప్యాడ్ల పైపొర పొట్టు రాలినట్టు రాలిపోతోంది. మార్కెట్లో దొరికే వేరే ప్యాడ్లు వేసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వేసుకోవచ్చు, కాని అప్పుడు మీ చేతిలో ఉన్నది మీరు కొన్న హెడ్‌ఫోన్ కాదు. ప్యాడ్ మందం రెండు మూడు మిల్లీమీటర్లు మారినా డ్రైవర్‌కూ చెవికీ మధ్య గాలి పరిమాణం మారి, స్వరాల సమతూకం మారుతుంది. ఒకసారి నేను బేయర్‌డైనమిక్ డీటీ 770కి, దానికి సరిపోతుందని దుకాణదారు ఒట్టేసి చెప్పిన తోలు ప్యాడ్లు వేశాను. అసలు ప్యాడ్లు మఖమల్ లాంటి బట్టవి. తోలువి వేసిన పూట బేస్ ఉబ్బి గాయకుడి గొంతు గోడ అవతలికి పోయింది. దుకాణదారు వాటిని వెనక్కి తీసుకోలేదు, అవి ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉన్నాయి. తయారీ సంస్థ ప్యాడ్లు ఖరీదైనా వాటినే తెప్పించుకోండి. కొనేముందే అవి విడిగా దొరుకుతాయా, చేత్తో ఊడదీయగలమా అని విచారించండి.

విన్న వెంటనే చెమటతో ఉన్న హెడ్‌ఫోన్‌ను పెట్టెలో పెట్టి మూయకండి. పొడి నూలుగుడ్డతో తుడిచి, పావుగంట ఫ్యాను గాలికి వదిలేయండి. స్పిరిట్ వాడకండి, అది పైపొరను మరింత త్వరగా పగలగొడుతుంది.

ప్రశ్న: కొత్త హెడ్‌ఫోన్‌ను వంద గంటలు మోగిస్తేనే నిజమైన ధ్వని వస్తుందంటారు. నిజమేనా?
— ఒక విద్యార్థి, వరంగల్లు

జవాబు: ప్యాడ్లు మెత్తబడి తలకు సర్దుకుంటాయి, వినేవారి చెవి అలవాటు పడుతుంది, ఈ రెండూ నిజంగా జరుగుతాయి. రాత్రంతా బీరువాలో మోగించినందువల్ల ఈ రెండింటిలో ఏదీ జరగదు.

ప్రశ్న: రోజూ సిటీ బస్సులో గంటన్నర ప్రయాణం. అక్కడ కూడా ఇంట్లో వాడే ఖరీదైన క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్‌నే వాడుకోవచ్చు కదా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వాడకండి. మెత్తని ప్యాడ్లు మాటలను, ఈలలను, గిన్నెల చప్పుడును బాగానే ఆపుతాయి గాని, ఇంజిను రొద వంటి లోతైన ధ్వనిని దాదాపు ఆపలేవు. ఆ రొదను మించి వినిపించడానికి మీరు వాల్యూమ్ పెంచుతారు. పెద్దవారికి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుగా చెబుతోంది. ప్రతి మూడు డెసిబెల్‌ల పెంపుకూ ఆ గంటలు సగమవుతాయి. 89 దగ్గర వింటే మీకు మిగిలేది వారానికి అయిదు గంటలు, అది మీ బస్సు ప్రయాణానికే చాలదు. నాయిస్ క్యాన్సెలింగ్ (బయటి రొదను ఎలక్ట్రానిక్ పద్ధతిలో అణిచే ఏర్పాటు) ఉన్న మామూలు ధర హెడ్‌ఫోన్ ఒకటి బస్సుకు ఉంచుకుని, మంచిదాన్ని ఇంటికి దాచుకోండి.