బ్రిటిష్ రాక్ బృందం ఎమర్సన్, లేక్ అండ్ పామర్ చేసిన ‘లవ్ బీచ్’ ఆల్బమ్‌ని అభిమానులు ఎందుకంత తిట్టుకుంటారు?

సగం పాపం కవర్‌దే. 1971లో ‘టార్కస్’ రికార్డులో ఒక వైపంతా ఇరవై నిమిషాల ఒకే రచనతో నింపిన ముగ్గురు, 1978కి చొక్కా గుండీలు విప్పుకుని బీచ్‌లో నవ్వుతూ కనిపించారు. లోపల మొదటి వైపు దాదాపు అంతా చిన్న చిన్న ప్రేమపాటలే. కొన్నింటి సాహిత్యం వింటే ఇబ్బందిగా ఉంటుంది, నిజం చెప్పాలంటే.

ఒప్పందం ప్రకారం అట్లాంటిక్ రికార్డు కంపెనీకి ఇంకో ఆల్బమ్ ఇవ్వాలి, అదీ రేడియోలో ఆడేలా ఉండాలి. వీళ్లకేమో అప్పటికే కలిసి పనిచేసే ఓపిక పోయింది. బహామాస్‌లో ఎలాగోలా ముగించి, మరుసటి ఏడాది విడిపోయారు.

అయినా మొత్తాన్నీ కొట్టిపారేయకండి. రెండో వైపున్న, ఒక సైనికాధికారి కథ చెప్పే రచనలో ఎమర్సన్ పియానో ఇప్పటికీ వినబుద్ధవుతుంది. మొదటి వైపు చివర్లో, స్పానిష్ స్వరకర్త రోడ్రిగో బాణీకి వాయించిన ‘కనారియో’లో పాత ఊపు ఉంది.