లావెండర్ నూనె, డిఫ్యూజర్‌తో టెన్షన్ తగ్గి నిద్ర పడుతుందా? నా అనుభవం

మీరు అడిగింది ఇది: ఆఫీసు టెన్షన్‌తో రాత్రి నిద్ర సరిగ్గా ఉండడం లేదు, ఆన్‌లైన్‌లో పన్నెండు సీసాల ఎసెన్షియల్ ఆయిల్స్ (మొక్కల నుంచి తీసే ఘాటైన సువాసన నూనెలు) సెట్టు, దాంతోపాటు డిఫ్యూజర్ (నూనె చుక్కలు వేసిన నీళ్ళను పొగమంచులా గదిలోకి వదిలే చిన్న యంత్రం) చూశారు, కొనొచ్చా, ఇవి నిజంగా పనిచేస్తాయా, ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది కాబట్టి ఏమైనా ఇబ్బందా అని. సూటిగా చెప్పేస్తాను. కొంతవరకు పనిచేస్తాయి, అమ్మేవాళ్ళు చెప్పినంత మాత్రం కాదు. ఆ సెట్టు కొనకండి, మీకు ఒక్క సీసా చాలు. పాప గురించి కింద విడిగా రాశాను, మిగతాది వదిలేసినా అది మాత్రం తప్పకుండా చదవండి.

నేను హైదరాబాద్‌లో అమెరికా షిఫ్టులో పనిచేస్తాను. తెల్లవారి ఇంటికి చేరేసరికి పక్కింట్లో కుక్కర్ కూతలు, వీధిలో కూరగాయల బండివాడి మైకు, కిటికీ నిండా ఎండ. ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది కానీ బుర్ర మాత్రం ఇంకా ఆఫీసులోనే ఉంటుంది, ఆ క్లయింట్ ఏమన్నాడు, ఆ మెయిల్‌కి జవాబు పంపానా లేదా అని. నిద్రమాత్రల జోలికి వెళ్ళడం ఇష్టం లేక ఈ నూనెల దారి పట్టాను. ఇప్పుడు నేను చేసేది చాలా చిన్న పని. స్నానం చేసి, కర్టెన్లు వేసి, ఫోను పక్క గదిలో పెట్టి, ఒక చేతిరుమాలు మీద రెండు చుక్కల లావెండర్ వేసి తలగడకి మూరెడు దూరంలో పెట్టుకుంటాను. అంతే. మొదట్లో వాసన బాగుంది అనిపించడం తప్ప పెద్ద తేడా ఏమీ లేదు. రోజూ అదే సమయానికి, అదే వరసలో చేస్తూ పోగా, ఆ వాసన తగలగానే భుజాలు వదులవడం, ఆవలింతలు రావడం మొదలైంది.

ఎందుకిలా అంటే, చూపు, వినికిడి లాంటివి మెదడులో థాలమస్ అనే చోటికి వెళ్ళాకే మెదడు పైపొరకి వెళ్తాయి. వాసన అలా కాదు, ముక్కు పైభాగంలోని నరాల నుంచి దాదాపు నేరుగా భావోద్వేగాలు, జ్ఞాపకాలు చూసుకునే అమిగ్డాలా, హిప్పోకాంపస్ వైపు వెళ్ళిపోతుంది. అందుకే సాంబ్రాణి పొగ వాసన వస్తే చిన్నప్పుడు తలంటు పోసుకున్న ఆదివారాలు ఒక్కసారిగా గుర్తొస్తాయి. లావెండర్‌లో లినలూల్, లినలైల్ అసిటేట్ అనే పదార్థాలు ఉంటాయి, వాటికి కొంత శాంతపరిచే గుణం ఉందని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది, మనుషుల మీద చేసిన చిన్న అధ్యయనాల్లో నిద్ర కొంత మెరుగైనట్టు కూడా తేలింది. కానీ ఇందులో ఒక చిక్కుంది. మాత్ర అయితే అసలుదా ఉత్తుత్తిదా తెలియకుండా ఇవ్వొచ్చు, వాసనను మాత్రం దాచలేం కదా, పీల్చినవాళ్ళకి తెలిసిపోతుంది, కాబట్టి ఫలితంలో నూనె వాటా ఎంత, నమ్మకం వాటా ఎంత అని విడదీయడం కష్టం. నాకైతే ఎక్కువ భాగం అలవాటుదే అనిపిస్తుంది, అలా అని దాన్ని తక్కువ చేయడం లేదు, నిద్ర పట్టని మనిషికి మంచి అలవాటు కంటే కావలసింది ఏముంది.

దీన్నిబట్టే నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. నిద్రకి పెట్టుకున్న వాసనను ఇంకెక్కడా వాడకండి. అదే లావెండర్‌ని హాల్లో, కారులో, నేల తుడిచే నీళ్ళలో, ఆఫీసు డెస్కు మీద కూడా వాడితే మెదడు దాన్ని నిద్రతో ముడిపెట్టుకోదు. పన్నెండు సీసాల సెట్టు వద్దన్నది కూడా ఇందుకే, రోజుకొకటి మారుస్తూ పోతే ఏదీ అలవాటు కాదు.

లావెండరే కావాలని కూడా లేదు. వట్టివేళ్ళ వాసన మీకు నచ్చితే అది ఇంకా సులువు, ఖర్చూ తక్కువ. మనవాళ్ళు ఎండాకాలంలో తాగే నీళ్ళ కుండలో వేసినవి, కిటికీలకు చాపలుగా కట్టి నీళ్ళు చల్లినవి ఇవే, ఇప్పటికీ కూలర్లకి వట్టివేళ్ళ ప్యాడ్లు దొరుకుతాయి. ఆ వేళ్ళను ఆవిరితో బట్టీ పట్టి తీసిన తైలం చిక్కగా, తొలకరి మట్టి వాసనతో ఉంటుంది, ఒక్క చుక్కే చాలా ఎక్కువ. నేను మే నెలలో లావెండర్ మానేసి ఓ గుప్పెడు వట్టివేళ్ళు తడిపి పలచటి గుడ్డలో మూటకట్టి ఫ్యాను గాలి తగిలేచోట పెడతాను. సువాసనలతో మనసు తేలికపరచుకోవడం మనకేమీ కొత్త కాదు, దండల్లో మరువం, దవనం ఎందుకు కడతారు చెప్పండి. హైదరాబాద్ ఇళ్ళలో 1920 నుంచి ఉన్న జిందా తిలిస్మాత్ అనే జలుబు మందులో ఘాటు చాలావరకు నీలగిరి తైలం, కర్పూరం, పిప్పరమెంటు పువ్వుదే.

కొనేటప్పుడు లేబుల్ చూడండి. మొక్క శాస్త్రీయ నామం ఉండాలి, లావెండర్ అయితే లవాండులా ఆంగస్టిఫోలియా అని రాసి ఉంటుంది. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని ఉంటే అది కృత్రిమ సెంటు, గది వాసనకి తప్ప ఇంకెందుకూ వద్దు. మీరు చెప్పిన సెట్టులో మల్లె, గులాబీ, గంధం, వెనీలా కూడా ఉన్నాయన్నారు కదా, నాకు అక్కడే అనుమానం వచ్చింది. మల్లెపూలను ఆవిరితో బట్టీ పడితే పనికొచ్చే నూనె రాదు, సాల్వెంట్‌తో, అంటే వాసనను కరిగించుకునే రసాయనంతో తీయాలి, అది చాలా ఖరీదు. గులాబీ నూనె ఒక కిలో తీయాలంటే మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి. గంధం నూనె ధర సంగతి మీకు తెలిసే ఉంటుంది. వెనీలాకి అసలు ఎసెన్షియల్ ఆయిలే ఉండదు. ఇవన్నీ లావెండర్‌తో సమానమైన ధరకి వస్తున్నాయంటే సీసాల్లో ఉన్నది అవి కావు. మన దేశంలోనే జమ్మూలోని దోడా జిల్లా భదర్వాలో రైతులు లావెండర్ పండిస్తున్నారు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళ అరోమా మిషన్ (సువాసన మొక్కల సాగు పథకం) కింద మొక్కజొన్న వదిలి దీనికి మారినవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, ఆ నూనె దొరికితే తీసుకోండి. ఇంట్లో ఒక పరీక్ష కూడా చేయొచ్చు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మర్నాడు చూడండి, జిడ్డు మరక అలాగే ఉంటే లావెండర్‌లో వేరే నూనె కలిపారన్నమాట. వట్టివేళ్ళు, గంధం లాంటి చిక్కటి నూనెలకి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, అవి అసలువైనా మరక వదులుతాయి.

డిఫ్యూజర్ కావాలంటే కొనుక్కోండి, కానీ రాత్రంతా నడపకండి. ఏసీ వేసి తలుపులన్నీ మూసిన గదిలో గంటల తరబడి ఆ పొగమంచు పీలిస్తే తలనొప్పి రావడం మా టీమ్‌లోనే ఇద్దరు ముగ్గురికి చూశాను. 100 మి.లీ. నీళ్ళకి మూడు నాలుగు చుక్కలు, అరగంట, తలుపు కొంచెం తీసి ఉంచి, పడుకునే ముందు ఆపేయాలి. ప్రతిసారీ మిగిలిన నీళ్ళు పారబోసి తుడిచి ఆరబెట్టాలి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే అసలు వద్దు. నీళ్ళలో చుక్కలు కలిపి స్ప్రే సీసా తయారుచేసి వారాల తరబడి వాడే పద్ధతి కూడా మంచిది కాదు, ఎసెన్షియల్ ఆయిల్ ఉంటే క్రిములు పెరగవు అనుకుంటారు గానీ నిజం కాదు. 2021లో అమెరికాలో నాలుగు రాష్ట్రాల్లో నలుగురికి మెలియోయిడోసిస్ అనే జబ్బు వచ్చి ఇద్దరు చనిపోయారు, కారణం వెతికితే లావెండర్, కామోమిల్ (చామంతి లాంటి పువ్వు) వాసన గల ఒక రూమ్ స్ప్రేలో ఆ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా దొరికింది. ఆ స్ప్రే మన దేశంలో తయారైనదే. ఇవన్నీ చూశాకే నాకు చేతిరుమాలు నయమనిపిస్తుంది, నీళ్ళు లేవు, కరెంటు లేదు, వద్దనుకుంటే తీసి బయట పడేయొచ్చు.

ఒంటికి రాసుకోవాలంటే ఎప్పుడూ మామూలు నూనెలో కలిపే రాయాలి. 30 మి.లీ. నువ్వుల నూనెకో కొబ్బరి నూనెకో ఆరు చుక్కలు, అంటే సుమారు 1 శాతం, అంతకు మించి అవసరం లేదు. ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడాలి. స్నానం బకెట్లో నేరుగా చుక్కలు వేస్తుంటారు, నూనె నీళ్ళలో కరగదు కాబట్టి అది పైన తేలి అలాగే చర్మానికి అంటుకుని మంట పెడుతుంది. మా అమ్మకి సాయంత్రమయ్యేసరికి కాళ్ళు లాగేస్తుంటాయి. గోరువెచ్చటి నువ్వుల నూనెలో నిమ్మగడ్డి నూనె కలిపి పాదాల నుంచి మోకాళ్ళ దాకా మర్దన చేస్తే ఆవిడకి హాయిగా ఉంటుంది, అయితే నిమ్మగడ్డిలో ఉండే సిట్రాల్ చర్మానికి కొంచెం ఘాటు కాబట్టి 30 మి.లీ.కి నాలుగు చుక్కలు దాటను. నిజం చెప్పాలంటే ఆ హాయిలో సగానికి పైగా మర్దన చేసే చేతులదే. బెర్గమోట్ (నారింజ జాతి పండు), నిమ్మతొక్క నూనెలు రాసుకుని ఎండలోకి వెళ్ళకూడదు, చర్మం కమిలి మచ్చలు పడతాయి. లావెండర్ సీసా కూడా మూత తీసిన ఏడాది, ఏడాదిన్నర తర్వాత ఒంటికి రాసుకోవద్దు, గాలి తగిలి అందులోని పదార్థాలు మారిపోయి ఎలర్జీ తెప్పిస్తాయి.

నిమ్మరసంలో ఒక చుక్క వేసుకుని తాగండి అని వీడియోలు చేసేవాళ్ళున్నారు. తాగకండి. ఏ నూనె అయినా సరే.

ఇప్పుడు పాప విషయం. నీలగిరి తైలం, కర్పూరం, పిప్పరమెంటు, ఈ మూడూ చిన్నపిల్లలకి ప్రమాదం. నీలగిరి తైలం ఒకటి రెండు చెంచాలు కడుపులోకి వెళ్ళినా పిల్లలకి ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. కర్పూరం బిళ్ళ చూడడానికి పటికబెల్లం ముక్కలా ఉంటుంది, మన ఇళ్ళలో దేవుడి అరలో పిల్లలకి అందే ఎత్తులోనే ఉంటుంది, అది నమిలితే కూడా కొద్దిసేపట్లోనే ఫిట్స్ వస్తాయి. జలుబు చేసిందని కర్పూరం మూట మెడలో కట్టడం, ముక్కు కింద ఘాటు బామ్ రాయడం పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, కానీ రెండేళ్ళ లోపు పిల్లలకి అసలు చేయకూడదు, పిప్పరమెంటులో ఉండే మెంథాల్ ఘాటుకి పసిపిల్లలకి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. మీ పాప ఆ వయసు ఇప్పుడే దాటుతోంది కాబట్టి నేనైతే ఇంకొన్నేళ్ళు దూరంగానే ఉంచుతాను. పాప పడుకునే గదిలో డిఫ్యూజర్ పెట్టకండి, అందరూ ఒకే గదిలో పడుకుంటే మీ రుమాలు కూడా వద్దు, పడుకునే ముందు వేరే గదిలో కాసేపు కూర్చుని పీల్చి రండి. సీసాలన్నీ తాళం వేసే బీరువాలో పెట్టండి. ఒకవేళ పొరపాటున తాగితే వాంతి చేయించకండి, పాలు, నెయ్యి పట్టకండి, ఫిట్స్ వచ్చేదాకా ఎదురు చూడకుండా 108కి ఫోన్ చేసి, ఆ సీసా కూడా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి, అందులో ఏముందో డాక్టర్‌కి తెలియడం ముఖ్యం. ఇంట్లో పిల్లి ఉంటే టీ ట్రీ నూనె కూడా తేవద్దు, ఇలాంటివి దాని కాలేయం అరిగించుకోలేదు.

ఒక సంగతి మీరు రాయలేదు. మీకు పడుకోగానే నిద్ర పట్టడం కష్టమా, లేక పట్టిన నిద్ర తెల్లవారుజామున చెడిపోతోందా? నేను చెప్పిన రుమాలు పద్ధతి మొదటిదానికే పనికొస్తుంది. మూడింటికి మెలకువ వచ్చి మళ్ళీ పట్టకపోవడం, గురక, పొద్దున లేవగానే తలబరువు ఉంటే నూనెల మీద డబ్బు పెట్టకుండా ముందు డాక్టర్‌కి చూపించుకోండి. మీది ఏ రకమో, సాయంత్రం కాఫీ ఎన్నింటికి తాగుతారో కూడా రాస్తే దాన్నిబట్టి ఇంకా వివరంగా చెబుతాను.