తెర మీది చిన్న తప్పులను వెతకడం వృథా ప్రయాసేనా?

గ్లాసులో పాలు తగ్గకపోగా పెరిగాయని, గోడ గడియారం వెనక్కి నడిచిందని సినిమాల్లో, సీరియళ్లలో తప్పులు వెతికేవారు కథను ఆస్వాదించలేరేమో, అసలు అంతమంది పనిచేసే చోట ఆ తప్పులు ఎలా మిగిలిపోతాయి అని మీరు అడిగారు. హైదరాబాదులో తెలుగు సీరియళ్లకు సహాయ దర్శకురాలిగా కొన్నేళ్లు కంటిన్యుటీ, అంటే ఒక షాట్‌కూ మరో షాట్‌కూ వేషం, వస్తువులు, కదలికల పొంతన తప్పకుండా చూసే బాధ్యత చూసుకున్నాను కనుక ముందుగా రెండో ప్రశ్నకు సమాధానం చెబుతాను.

తెర మీద మూడు నిమిషాలు కనిపించే సన్నివేశాన్ని తీయడానికి ఒక్కోసారి సగం రోజు పడుతుంది. మొదట అందరూ కనిపించేలా మాస్టర్ షాట్ తీస్తారు, తరువాత ఒకరి భుజం మీదుగా మరొకరిని చూపే సజెషన్ షాట్లు, ఆ తరువాత ఒక్కొక్కరి క్లోజప్‌లు తీస్తారు. కెమెరా స్థానం మారిన ప్రతిసారీ లైట్లు సర్దాలి. ఆ విరామంలో నటి కుర్చీలో వెనక్కి వాలితే ముందుకు వేసుకున్న జడ వెనక్కి పోతుంది, చెమటకు బొట్టు కాస్త చెదురుతుంది, దేవుడి దగ్గర వెలిగించిన అగరువత్తి సగానికి వస్తుంది. పైగా సన్నివేశాలను కథ క్రమంలో తీయరు. ఒకే హాలులో జరిగే నాలుగైదు ఎపిసోడ్ల సన్నివేశాలను, నటీనటుల డేట్లు దొరికిన రోజున, కలిపి తీసేస్తారు. నాయిక వీధి గుమ్మం దాటడం ఒక నెలలో ఔట్‌డోర్‌లోనూ, గుమ్మం దాటిన మరుక్షణం ఆమె మాట్లాడే మాటలు మరో నెలలో సెట్‌లోనూ తీయడం మాకు మామూలు. ఈలోగా ఆమె భర్త పాత్రధారి వేరే సినిమా కోసం గడ్డం పెంచుకుని వస్తే, ఆ గడ్డాన్ని ఏం చేయాలన్నది పెద్ద చర్చ అవుతుంది.

వీటన్నింటిలోకీ భోజనాల సన్నివేశమే కష్టమైనదని నా అనుభవం. ఉమ్మడి కుటుంబంలో ఎనిమిది మంది ఆకుల ముందు కూర్చుని మాట్లాడుకుంటూ తినాలి. మాస్టర్ షాట్‌లో పెద్దాయన ఏ మాట దగ్గర ముద్ద నోట్లో పెట్టుకున్నారో, కోడలు వడ్డిస్తున్న గరిట ఏ చేతిలో ఉందో, పప్పు అయిపోయి పులుసులోకి ఎవరు ఎప్పుడు వెళ్లారో ఎనిమిది మందికీ రాసిపెట్టుకోవాలి. ఎందుకంటే రెండు గంటల తరువాత తీసే క్లోజప్‌లో అదే మాట దగ్గర అదే చేయి లేవాలి. ఆహారం చల్లారిపోతుంది, ఆకు అంచులు వాడిపోతాయి, పదోసారి ముద్ద మింగలేక నటులు చేతిని ఆకులో ఊరికే కలుపుతూ ఉంటారు. ఫోన్‌తో ఫొటోలు తీసుకునే సౌకర్యం వచ్చాక ఈ పని కొంత సులువైంది గాని, కదలికను ఫొటో పట్టలేదు కనుక మాటకు ఎదురుగా చేతి కదలిక రాసుకునే కంటిన్యుటీ షీటు అవసరం తీరలేదు. సన్నివేశంలో గోడ గడియారం కనిపిస్తే బ్యాటరీ తీసేసి ముళ్లను మేమే తిప్పేవాళ్లం.

ఇంత జాగ్రత్త పడినా మీకు తప్పులు కనిపించడానికి మరో కారణం ఎడిటింగు. ఒక సీరియల్‌లో కూతురి పెళ్లి చెడిపోయిందని విన్న తల్లి ఏడ్చే సన్నివేశం తీశాము. వైడ్ షాట్‌లో ఆవిడ పమిట భుజం చుట్టూ కప్పుకుని ఉంది. క్లోజప్ మూడో టేక్‌లో అది జారి ఉంది. షీటులో నేను ఆ తేడాను స్పష్టంగా రాశాను. ఎడిట్ గదిలో దర్శకుడు, ఎడిటర్ ఇద్దరూ ఆ కాగితం చూశారు, పమిట సరిపోయే టేక్‌ను కూడా చూశారు, చూసి మూడోదాన్నే ఉంచారు. ఆ టేక్‌లో ఆవిడ గొంతు పెగలక ఆగిన క్షణం మరి దేనిలోనూ లేదు. ఎపిసోడ్ ప్రసారమయ్యాక పమిట గురించి ప్రేక్షకులు కొందరు ఛానల్‌కు రాశారు. వారు చూసింది నిజమే, అయినా నేను ఈనాటికీ ఆ ఎడిటర్ పక్షమే. హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక షాట్ నుంచి మరో షాట్‌కు ఎక్కడ కోయాలో చెబుతూ భావోద్వేగానికి 51 శాతం విలువ ఇచ్చి, మనుషులు, వస్తువులు ఉన్న స్థానాల పొందికకు 4 శాతం మాత్రమే ఇచ్చారు. అందువల్ల గ్లాసు, జడ, పమిట వంటివి మీరు పట్టుకున్నప్పుడు, అది తెలిసే వదిలేసినది అయి ఉండే అవకాశం చాలా ఉంది.

కాలానికి, స్థలానికి సంబంధించిన తప్పుల విషయంలో నా అభిప్రాయం వేరు. అక్కడ నటన కోసం దేన్నీ వదులుకోవలసిన అవసరం లేదు, షూటింగుకు ముందు కాస్త కనుక్కుంటే సరిపోతుంది. 1990ల హైదరాబాదులో జరిగే కథలో వీధిలో ఆగి ఉన్న కారుకు 'టీఎస్' నంబరు ప్లేటు కనిపించిందనుకోండి. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్‌లో; ఆ అక్షరాలు వచ్చింది ఆ తరువాతే, 2024లో అవి 'టీజీ'గా కూడా మారాయి. 2005 నాటి దుకాణం బోర్డు మీద రూపాయి గుర్తు ఉండకూడదు, దాన్ని ప్రభుత్వం ఆమోదించింది 2010 జులైలో. అమీర్‌పేటలో మెట్రో పట్టాలు వెనుక కనిపిస్తుండగా ముందు 1990ల నాటి పేజర్లు (సందేశాలు అందుకునే చిన్న పరికరాలు) వాడే మనుషులు నిలబడటం కుదరదు, ఆ రైలు మొదలైంది 2017 నవంబరులో. ఆ రోజులను చూసినవారికి ఇవి కంట్లో నలుసులా ఉంటాయి. చూడనివారికి అబద్ధాన్ని నేర్పుతాయి. రెండోది నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

పౌరాణికాల్లో నాకు కనిపించేవి పూలు, చెట్లు. ద్వాపరయుగపు అంతఃపురాన్ని బంతిపూల దండలతో నింపడం, ఉద్యానవనంలో కాగితపు పూల తీగలు అల్లించడం ఎంతగా అలవాటైపోయిందంటే ఎవరికీ అనుమానం కూడా రాదు. బంతి మెక్సికో ప్రాంతపు మొక్క, కాగితపు పూలది దక్షిణ అమెరికా. రెండూ ఐరోపావారి సముద్రయానాల తరువాతే మన దేశానికి చేరాయి. వనవాసం సన్నివేశాల్లో వెనుక నిలువునా కనిపించే నీలగిరి చెట్లు ఆస్ట్రేలియావి. వంటశాలలో గుట్టలుగా పోసిన ఎర్రటి మిరపకాయలు, టమాటాలు కూడా అమెరికా ఖండాలవే. తామర, మొగలి, సంపెంగ, పొగడ మన ప్రాచీన కావ్యాల నిండా ఉండగా కళాదర్శకులు వాటిని వాడరెందుకన్నది నాకు నిజంగా వేదన కలిగించే విషయం. బంతి చవక, ఎక్కువసేపు వాడదు, కెమెరాకు బాగా కనిపిస్తుందని వారు చెప్పే కారణంలో న్యాయం ఉంది, కాని కనీసం దగ్గరి షాట్లలోనైనా శ్రద్ధ తీసుకోవచ్చు.

తప్పులు పట్టేవారు కూడా తొందరపడకూడదు. 1957 ఏప్రిల్ 1న అణాల స్థానంలో నయా పైసలు వచ్చాయి కనుక 1958 నాటి కథలో అణా నాణెం కనిపిస్తే తప్పేనని ఒక ప్రేక్షకుడు వాదించడం చూశాను. పాత నాణేలు ఆ తరువాత కూడా కొంతకాలం చెలామణిలో ఉన్నాయి. నిజాం కాలపు హైదరాబాదులో సంస్థానం సొంత నాణెమైన హాలీ సిక్కాతో పాటు, కల్దారు అని పిలిచే బ్రిటిష్ రూపాయి కూడా తిరిగేది కనుక కల్దారును చూసి ఉలిక్కిపడనక్కరలేదు. అలాగే కల్పనను తప్పుల పట్టికలో చేర్చకూడదు. వ్యాసభారతంలో శశిరేఖ లేదు; అయినా 1957 నాటి 'మాయాబజార్'లో ఆమె ఉండటాన్ని ఎవరూ పొరపాటు అనలేరు, అది జానపదుల నోట పెరిగిన కథ.

ఇక మీ మొదటి ప్రశ్న. సూక్ష్మంగా చూసేవారు కథకు దూరమవుతారని నేను అనుకోను. నాకు తెలిసినంతలో మొదటిసారి కథలో మునిగి, రెండోసారి, మూడోసారి చూసినప్పుడే వారికి ఇవి కనిపిస్తాయి. అంతగా ఇష్టపడని దాన్ని ఎవరూ మూడుసార్లు చూడరు. ఆ శ్రద్ధకు ఫలితం కూడా ఉంటుంది. 'టైటానిక్'లో ఓడ మునిగిన రాత్రి ఆకాశంలో నక్షత్రాలు ఉండవలసినట్లు లేవని ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ దర్శకుడు జేమ్స్ కామెరాన్‌కు చెప్పగా, 2012లో ఆ సినిమాను త్రీడీలో మళ్లీ విడుదల చేసినప్పుడు ఆకాశాన్ని సరిచేశారు. 2019 మే నెలలో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఎపిసోడ్‌లో విందు బల్ల మీద మిగిలిపోయిన కాఫీ కప్పును ప్రేక్షకులు పట్టుకున్నాక, దాన్ని రెండు రోజుల్లోనే డిజిటల్‌గా తొలగించారు.

ఓటీటీలో ఉన్న సినిమాను విడుదల తరువాత కూడా దిద్దవచ్చు. కాబట్టి నంబరు ప్లేటో, రూపాయి గుర్తో మీ కంట పడితే అది ఏ నిమిషంలో ఎక్కడ కనిపిస్తుందో, తప్పని మీరు అనుకోవడానికి ఆధారం ఏమిటో రెండు వాక్యాల్లో రాసి నిర్మాణ సంస్థకు పంపండి. తిట్లతో వచ్చిన ఉత్తరాలను మా ఆఫీసులో పక్కన పెట్టేసేవారు. నిమిషం, ఆధారం రాసి పంపినవాటిని మాత్రం దర్శకుడి బల్ల మీదికి నేనే తీసుకువెళ్లేదాన్ని.