హర్ల్ అంటే ఉత్త విసరడమేనా?

ప్రశ్న: నమస్తే అండీ, ఇంగ్లీష్ వార్తల్లో హర్ల్ అనే మాట తెగ కనిపిస్తోంది. డిక్షనరీలో బలంగా విసరడం అని ఉంది. మరి త్రోకీ దీనికీ తేడా ఏంటి? రాళ్లు హర్ల్ చేశారంటే అర్థమైంది గానీ తిట్లు కూడా హర్ల్ చేస్తారా? ఫ్రెండ్ నాకు తాళాలు అందించిందని చెప్పడానికి "షీ హర్ల్డ్ ద కీస్ టు మీ" అని రాస్తే మా సార్ కొట్టేశారు, ఎందుకో చెప్పలేదు.
- డిగ్రీ విద్యార్థిని

జవాబు: ముందు మీ సార్ కొట్టేసిన వాక్యం సంగతే చూద్దామమ్మా, అసలు విషయమంతా అందులోనే ఉంది. మీరు పట్టుకోవాలని మీ ఫ్రెండ్ తాళాలు విసిరింది, అంతే కదా, దానికి త్రో చాలు, ఇంకా తేలిగ్గా చెప్పాలంటే టాస్. హర్ల్‌లో ఒళ్లంతా కూడదీసుకుని విసిరే ఊపు ఉంటుంది, చాలాసార్లు దాని వెనక కోపం కూడా ఉంటుంది. అదే వాక్యంలో టు తీసేసి ఎట్ పెట్టి "షీ హర్ల్డ్ ద కీస్ ఎట్ మీ" అని రాసి ఉంటే తప్పేం లేదు, కాకపోతే అర్థం "తాళాలు నా మొహాన కొట్టింది" అయిపోతుంది, మీ ఫ్రెండ్ మీతో గొడవ పడిందనుకుంటారు చదివినవాళ్లు. త్రోకి కూడా ఈ తేడా ఉంది, త్రో టు అంటే అందుకోమని, త్రో ఎట్ అంటే తగలాలని. హర్ల్ పక్కన మాత్రం ఎక్కువగా కనిపించేది ఎట్, లేదంటే ఇంటూ, త్రూ లాంటివి.

అలాగని ప్రతిసారీ కోపమే ఉండాలని లేదు. క్రికెట్‌లో ఫీల్డర్ పరిగెత్తుకొచ్చి స్టంప్స్ మీదకి బంతి విసిరికొట్టినా హర్ల్ అనొచ్చు, జావెలిన్ విసిరినా అనొచ్చు. మనిషి చెయ్యి లేకపోయినా వాడతారు, కారు గోడని గుద్దుకుని డ్రైవర్ ఎగిరి బయట పడితే "ద డ్రైవర్ వాజ్ హర్ల్డ్ అవుట్ ఆఫ్ ద కార్" అని రాస్తారు.

ఇక తిట్ల సంగతి. హర్ల్ చేస్తారండీ, చాలా మామూలు వాడుక అది. "దే హర్ల్డ్ అబ్యూజ్ ఎట్ ద రిఫరీ" అంటే రిఫరీని నోటికొచ్చినట్టు తిట్టారని. ఇక్కడ చాలామంది అబ్యూజెస్ అని రాసేస్తారు, తిట్లు అని మనం బహువచనంలో అంటాం కాబట్టి అలా వచ్చేస్తుంది, కానీ ఈ అర్థంలో అబ్యూజ్ ఏకవచనంలోనే ఉండాలి. బహువచనం కావాలంటే ఇన్‌సల్ట్స్ అనండి, అక్యుజేషన్స్ అనండి, రెండూ హర్ల్‌తో చక్కగా కుదురుతాయి. పొగడ్తల్ని మాత్రం ఎవరూ హర్ల్ చెయ్యరు.

రాళ్ల వార్తల్లో దీని పక్కనే పెల్ట్ కూడా వస్తుంది, ఈ రెండూ కలిపేసుకోవద్దు. హర్ల్ తర్వాత విసిరిన వస్తువు రావాలి, "హర్ల్డ్ స్టోన్స్ ఎట్ ద బస్". పెల్ట్ తర్వాత దెబ్బ తిన్నది రావాలి, "పెల్టెడ్ ద బస్ విత్ స్టోన్స్". మన ఇంగ్లీష్ పేపర్లలో "పెల్టెడ్ స్టోన్స్" అని కూడా కనిపిస్తుంది, కానీ పరీక్షలో "పెల్టెడ్ ద బస్ విత్ స్టోన్స్" పద్ధతే రాయండి. ఇంకోటి, ఒక్క రాయి విసిరినా హర్ల్ అనొచ్చు, పెల్ట్ అనాలంటే వరసపెట్టి పడుతూనే ఉండాలి, మనం రాళ్లు రువ్వడం అంటామే, దానికి దగ్గర.

హర్ట్‌ల్ అని ఇంకో మాట ఉంది, అది విసరడం కాదు, తనంతట తాను దూసుకుపోవడం. "ద ట్రక్ హర్ట్‌ల్డ్ డౌన్ ద హిల్". హర్డ్‌ల్ అయితే అడ్డంకి, పరుగు పందెంలో దూకేది. స్పెల్లింగులో ఒక్క అక్షరం అటూఇటూ అయినా అర్థం ఎక్కడికో పోతుంది, జాగ్రత్త.

అమెరికావాళ్లు కబుర్లలో వాంతి చేసుకోవడాన్ని కూడా హర్ల్ అంటారు, సినిమాల్లో వింటే కంగారు పడకండి, రాతలో మాత్రం వద్దు. ఐర్లండ్‌లో హర్లింగ్ అని కర్రతో బంతిని కొట్టే పాత ఆట ఉంది, జట్టుకి 15 మంది, 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది. కాబట్టి స్పోర్ట్స్ పేజీలో హర్లింగ్ టీమ్ అని కనిపిస్తే అది ఆ ఆట జట్టు అన్నమాట.