మీల్ మేకర్ మానకు బిడ్డా

బిడ్డా,

మీల్ మేకర్ తింటే మగతనం తగ్గుతదని క్లాక్ టవర్ కాడి జిమ్ముల ఎవరో చెప్పిండట, నువ్వు గిన్నె పక్కకు జరుపుతున్నవని మీ అమ్మ రంది పడుతున్నది. గుడ్డు ముట్టవు, మాంసం కూర ముట్టవు. ఇది గూడ మానేస్తే అంత కసరత్తుకు ఒళ్లు ఎట్ల నిలుస్తది? దవాఖానల ఏండ్లకొద్ది కాంపౌండర్‌గ చేసినోన్ని, నా మాట విను.

మీల్ మేకర్ సోయాతోనే చేస్తరు. ఆ సోయాల ఐసోఫ్లేవోన్లు అనేటివి ఉంటయి. అవి చూడనీకె ఆడోళ్ల హార్మోన్ ఈస్ట్రోజన్ లెక్కనే ఉంటయి గని, ఒంట్ల వాటి బలం చానా తక్కువ. 2021ల 41 పరిశోధనలను ఒక్కకాడికి తెచ్చి లెక్కగట్టిన్రు. సోయా తిన్న మగోళ్లకు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గలే, ఈస్ట్రోజన్ పెరగలే. అమెరికాల 60 ఏండ్ల మనిషికి రొమ్ములు ఉబ్బి నొప్పి లేసింది నిజమే, 2008ల డాక్టర్లు రాసిన్రు. ఆయన రోజుకు దగ్గరదగ్గర మూడు లీటర్ల సోయా పాలు తాగేటోడు! మానినంక నొప్పి పోయింది.

నువ్వు ఎండువి 30, 40 గ్రాములు తీసుకో, చాలు. అండ్లనే 15 గ్రాములకు పైన ప్రొటీన్ వస్తది. ఉప్పేసి మరిగిన నీళ్లల నానబెట్టి, చల్లనీళ్లల ఏసి గట్టిగ పిండు. నురుగు పోయేదాక రెండుమూడు సార్లు పిండితేనే ఆ వాసన పోతది. అల్లం వెల్లిగడ్డ, పల్లీల పొడి ఏసి వండుకొని జొన్నరొట్టెల తిను. రోజూ అదే వద్దు, నడుమ కందిపప్పు, పెసర్లు, పెరుగు ఉండాలె. నాయినమ్మకు పెడితే మాత్రం థైరాయిడ్ గోలికి నాలుగు గంటల ఎడం ఉంచు, సోయా ఆ మందును ఒంటికి సరిగ పట్టనియ్యదు.

నా భయమంత జిమ్ములల్ల కండల కోసం ఇచ్చే సూదుల మీదనే. సూదితోటి బయటి మగ హార్మోన్ ఎక్కితే మెదడు వృషణాలకు పంపే సంకేతం ఆపేస్తది. అవి చిన్నగయితయి, వీర్యకణాలు పడిపోతయి, మళ్ల దారికి రానీకె నెలలు పడుతది. ఎంత దోస్తు ఇచ్చినా తీసుకోకు బిడ్డా, నీ కాళ్లు మొక్కి చెప్పుమన్నా చెప్త.

ఇంకా అనుమానముంటే టెస్టోస్టిరాన్ రక్తపరీక్ష చేయించుకో. పొద్దుగాల పదింటి లోపల, పరిగడుపున ఇయ్యాలె. మాపటికి హార్మోన్ తానే తగ్గుతది, అప్పుడిచ్చి బెంబేలు పడకు. తక్కువొస్తే ఇంకోరోజు మళ్ల చేయించు. రెండుసార్లు తక్కువొస్తే సర్కారు దవాఖానల డాక్టర్‌కు చూపియ్యి. ఏ పొడులు, గోలీలు వాడుతున్నవో దాచకుండ చెప్పు.

మీ పెద్దనాయిన,
దేవరకొండ