ఖర్జూరపు మట్ట లేని హతసాక్షి

ప్రశ్న: 17వ శతాబ్దపు ఐరోపా బరోక్ శైలి రేఖాచిత్రాలలో చెట్టుకు కట్టివేసిన పురుషుడు తరచుగా కనిపిస్తాడు. కొన్నింటిని హతసాక్షి (క్రైస్తవ విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాడు) చిత్రాలంటారు, దాదాపు అలాగే ఉన్న మరికొన్నింటిని బంధితుడి చిత్రాలని మాత్రమే అంటారు. ఈ తేడా ఎలా తెలుస్తుంది? హతసాక్షి చిత్రాలలో కనిపించే దేవదూత చేతిలోని ఆకుకు అర్థమేమిటి?

జవాబు: ఆ ఆకు ఖర్జూరపు మట్ట. ప్రాచీన రోములో అది విజయానికి గుర్తు. బైబిలులోని ప్రకటన గ్రంథం 7వ అధ్యాయంలో తెల్లని వస్త్రాలు ధరించి సింహాసనం ఎదుట నిలిచిన జనసమూహం చేతుల్లోనూ ఖర్జూరపు మట్టలే ఉంటాయి. కింద తలారి తన పని చేస్తూ ఉండగానే పైనుంచి దేవదూత ఆ మట్టను అందించడం వల్ల, ఓటమిగా కనిపించే చావే గెలుపని చిత్రకారుడు ఒకే చట్రంలో చెప్పగలుగుతాడు.

చనిపోతున్నది ఏ పునీతుడు లేదా పునీతురాలన్నది సాధారణంగా హింసకు వాడిన పనిముట్టును బట్టి తెలుస్తుంది: బర్తొలొమయికి చర్మం ఒలిచిన కత్తి, లారెన్సుకు కింద నిప్పులు పోసిన ఇనుప కమ్మీలు, కేథరిన్‌కు చక్రం, సెబాస్టియన్‌కు బాణాలు. విచిత్రమేమిటంటే, పురాగాథల ప్రకారం చక్రం విరిగిపోయింది, బాణాలు తగిలిన సెబాస్టియన్ ఐరీన్ అనే స్త్రీ చేసిన సేవతో కోలుకున్నాడు. ఆ తరువాత కేథరిన్‌ను తల నరికి, సెబాస్టియన్‌ను దుడ్డుకర్రలతో కొట్టి చంపారు. అంటే ఈ ఇద్దరి విషయంలో గుర్తుగా నిలిచినది చంపలేకపోయిన పనిముట్టే.

మీ మొదటి సందేహం ఇంతకంటే చిక్కైనది. హతసాక్షిని చేసేది శిక్ష కాదు, దాని వెనుక ఉన్న కారణమని తొలినాటి క్రైస్తవ తత్వవేత్త పునీత అగస్టీన్ అన్నాడు. రేఖాచిత్రం శిక్షను చూపగలదు గాని కారణాన్ని చూపలేదు. ఆ లోటును తీర్చేందుకే మట్ట, కిరీటం, దేవదూత అవసరమయ్యాయి. స్పెయిన్‌లో పుట్టి నేపుల్స్‌లో స్థిరపడిన చిత్రకారుడు హుసెపె దె రిబేరా (1591–1652) ఎర్రసుద్దతోనూ, కలంతోనూ గీసిన బంధితుల చిత్రాలు కొన్నింటిలో ఈ గుర్తులేవీ ఉండవు. చేతులు వెనక్కి కట్టి తాడుతో పైకి లాగే శిక్షను కూడా గీసిన మనిషి ఆయన. కనుక బాణమైనా, మట్టయినా లేని చోట ఆ బంధితుడు పునీతుడో, నేరస్థుడో తేల్చడం కష్టం. పైకెత్తిన చూపును ఆధారంగా తీసుకోవచ్చునని కొందరంటారు గాని, నొప్పి భరించలేనివాడు కూడా పైకే చూస్తాడు. అటువంటి చిత్రాన్ని బంధితుడనే పేరుతోనే ఉంచడం నిజాయితీ అని నా అభిప్రాయం.