మందు కొట్టినా ఊద చావలేదు, మళ్లీ కొట్టొచ్చా?

సందేహం: వరి నాటి 40 రోజులైంది. 32వ రోజున బిస్పైరిబాక్ సోడియం అనే కలుపు మందు కొట్టాను. తుంగ, వెడల్పాకు కలుపు చాలావరకు పోయాయి. వరిలాగే కనిపించే ఊద గడ్డి మాత్రం అక్కడక్కడా పచ్చగానే ఉంది. డోసు రెట్టింపు చేసి ఇంకోసారి కొట్టమని పక్క పొలం రైతు అంటున్నాడు. కొట్టమంటారా?

సలహా: వద్దండి. ముదిరిన ఊద చస్తుందన్న నమ్మకం లేదు, వరి మాత్రం పసుపెక్కి ఎదుగుదల కుంటుపడే ప్రమాదం ఉంది. ఈ మందు ఊద రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. అంటే నాటిన 15–20 రోజుల మధ్య, 10 శాతం మందైతే ఎకరాకు 100 మి.లీ. మీరు కొట్టేనాటికి ఊద పిలకలు వేసేసింది. అలాంటి మొక్క మందు తగిలినా కొన్నాళ్లు కుంగి మళ్లీ లేస్తుంది.

అయితే ఆలస్యం ఒక్కటే కారణమని తేల్చేయకండి. ఒకసారి మడిలో తిరిగి, మిగిలిన ఊద ఎక్కడెక్కడ ఉందో చూడండి. మెరక చోట్లే గుంపుగా ఉంటే దమ్ములో (నాటే ముందు నీళ్లు పెట్టి దున్నేటప్పుడు) చదును సరిగా కాలేదు. నీళ్లు నిలవని చోట ఊద హాయిగా మొలుస్తుంది. బారులు బారులుగా మిగిలితే పిచికారీలో ఆ మేర వదిలేసినట్టు. పల్లంలోనే మిగిలితే, మందు కొట్టే ముందు నీళ్లు తీయలేదేమో గుర్తు చేసుకోండి. మునిగి ఉన్న ఆకుకు మందు ఎలా తగులుతుంది? ఇవేవీ కాకుండా, చచ్చిన ఊద పక్కనే అదే వయసు ఊద నిక్షేపంగా నిలబడి ఉంటే అనుమానించాల్సిందే. ఒకే మందు ఏళ్ల తరబడి వాడిన చోట దాన్ని తట్టుకునే ఊద చాలా దేశాల్లో పుట్టుకొచ్చింది.

ఇప్పుడు మిగిలింది చేత్తో పీకడమే. కూలి ఖర్చని వెనకాడొద్దు. వరి కోతకు రాకముందే ఊద గింజ రాల్చేస్తుంది, ఒక్కో మొక్క వేల గింజలు ఇస్తుంది. కాబట్టి కంకి వేయకముందే తీయించండి. వరి దుబ్బులో కలిసిపోయి ఉన్నప్పుడు ఆకు, కాండం కలిసే చోట చూడండి. వరికి అక్కడ తెల్లటి పల్చని పొర, నూగున్న చిన్న చెవులు ఉంటాయి. ఊదకు రెండూ ఉండవు, నున్నగా ఉంటుంది. పొర ఉండి చెవులు లేకపోతే అది ఊద కాదు, వేరే గడ్డి. బిస్పైరిబాక్‌కు సరిగా లొంగని గడ్డి రకాలూ ఉన్నాయి.

వచ్చే పంటకు మాత్రం నీళ్లతోనే మొదలుపెట్టండి. వీలైతే దమ్ముకు రెండు వారాల ముందు తడిపెట్టి, మొలిచిన కలుపును దమ్ములో కలిపేయండి. నాటిన 3–5 రోజుల్లో ప్రెటిలాక్లోర్ 50 శాతం మందు ఎకరాకు 500 మి.లీ. చొప్పున 20–25 కిలోల పొడి ఇసుకలో కలిపి, పల్చగా నీరున్నప్పుడు సమంగా చల్లండి. ఆ నీటిని రెండు మూడు రోజులు బయటికి పోనివ్వొద్దు. తర్వాత మడి ఆరకుండా 2 నుంచి 5 సెంటీమీటర్ల నీరుంటే చాలా ఊద గింజలు మొలవనే మొలవవు.

ఆపైనా ఊద వస్తే, నాలుగాకులు దాటకముందే నీళ్లు తీసి పిచికారీ చేయండి, రెండు మూడు రోజుల్లో తిరిగి నీరు పెట్టండి. ఒకే మందును ఊద తట్టుకోకుండా ఉండాలంటే మందు మార్చాలి. మార్చడమంటే డబ్బా మీద పేరు మారడం కాదు. పెనాక్సులం, పైరజోసల్ఫ్యురాన్ కూడా బిస్పైరిబాక్ లాగే పనిచేస్తాయి, వాటితో మార్చినా మార్చనట్టే. సైహలోఫాప్ బ్యూటైల్ పనిచేసే తీరు వేరు. కాకపోతే అది గడ్డి జాతికే, తుంగకూ వెడల్పాకుకూ పనికిరాదు.